ప్రపంచీకరణ ‘వల్ల’నా, ‘ద్వారా’నా?

సందేహం: రెండో ప్రపంచయుద్ధం మీద వ్యాసం రాస్తూ ‘ప్రపంచీకరణ వల్ల సెమిటిక్ వ్యతిరేకత వ్యాపించింది’ అన్నాను. ప్రపంచీకరణ 1991 తర్వాతి మాట, 1940లకు ఎలా వాడతావని మిత్రుడు పట్టుకున్నాడు. వాడకూడదా?

సమాధానం: శుభ్రంగా వాడొచ్చు. మాట కొత్తదే గానీ పని పాతది. స్టీమర్లు, టెలిగ్రాఫ్, వార్తాసంస్థలు, రేడియో కలిసి ఖండాలను ఎప్పుడో ముడేశాయి. ఆనాటి మనిషి నోట ఆ మాట పలికించకుండా ఉంటే చాలు. మీ మిత్రుడు వదిలేసిన ‘వల్ల’ దగ్గరే నాకు పేచీ.

‘వాన వల్ల పంట పోయింది’ అంటే వానే కారణం. ‘కాలవ ద్వారా నీళ్లొచ్చాయి’ అంటే కాలవ దారి మాత్రమే. మీరన్న సెమిటిక్ వ్యతిరేకత, అంటే యూదుల మీద ద్వేషం, యూరప్‌లో శతాబ్దాల నాటిది, దాన్ని ప్రపంచీకరణ పుట్టించలేదు, ఊళ్లు దాటించింది. 1903లో సెయింట్ పీటర్స్‌బర్గ్ పత్రికలో అచ్చయిన, యూదులు ప్రపంచాన్ని ఏలడానికి కుట్ర పన్నారని చెప్పే ‘ప్రోటోకాల్స్’ అనే దొంగ పత్రాన్ని చూడండి: రష్యా విప్లవం నుంచి పారిపోయినవాళ్లు దాన్ని బెర్లిన్‌కు మోసుకెళ్లారు, సైబీరియాకు వెళ్లిన జపాన్ సైనికుల ద్వారా అది జపాన్ చేరింది, 1920లో హెన్రీ ఫోర్డ్ పత్రిక దాని ఆధారంగా అమెరికాలో వరస వ్యాసాలే వేసింది. అది ఫోర్జరీ అని 1921లో బయటపెట్టింది లండన్ టైమ్స్. ఆ గుట్టు దొరికింది మాత్రం ఇస్తాంబుల్‌లో ఉన్న దాని విలేకరికి, అదీ ఒక రష్యన్ వలసదారు చేతి నుంచే! అబద్ధమూ, దాని విరుగుడూ ఒకే దారిన నడిచాయన్నమాట. అందుకే ‘ద్వారా’ అంటున్నాను.

యుద్ధంలోనూ ఇంతే. బెర్లిన్ దగ్గరి సేసెన్ నుంచి నాజీలు షార్ట్‌వేవ్‌లో అరబ్బీలో విషం కక్కారు. అటు 1942 ఆగస్టులో యూదులను మొత్తంగా చంపేసే పథకం సంగతి బయటికొచ్చింది జెనీవా నుంచి లండన్‌కూ అమెరికాకూ పంపిన టెలిగ్రామ్ ద్వారా. ఆ డిసెంబరు 17న మిత్రదేశాలు దాన్ని బహిరంగంగా ఖండించాయి.

నాకు బాగా నచ్చే ఉదాహరణ 1940 నాటి లిథువేనియా. కౌనస్‌లో ఫిలిప్స్ కంపెనీ వ్యవహారాలు చూసే యాన్ జ్వార్టెన్‌డైక్ అప్పుడు డచ్ కాన్సుల్ కూడా. కరీబియన్‌లోని డచ్ దీవి కురసావోకు వెళ్లడానికి వీసా అక్కర్లేదని యూదు శరణార్థుల కాగితాల మీద రాసిచ్చాడు. అక్కడ దిగాలంటే గవర్నర్ అనుమతి కావాలన్న ముక్క మాత్రం కావాలనే రాయలేదు. చేరడానికో గమ్యం ఉందని చూపే ఆ కాగితం చూసి జపాన్ వైస్ కాన్సుల్ చియునే సుగిహారా, పైవాళ్లు వద్దంటున్నా, తమ దేశం మీదుగా వెళ్లే వీసాలు ఇచ్చాడు, రెండు వేలకు పైగా. ఆ ముద్రలతో జనం సోవియట్ రైలెక్కి వ్లాదివస్తోక్, అక్కడి నుంచి ఓడలో జపాన్, కొందరు షాంఘై చేరారు. డచ్చి రాత, జపాన్ ముద్ర, సోవియట్ రైలు, చైనా రేవు! కురసావో మొహం చూసినవాడు ఉన్నాడనుకోను.

ఇక ‘సెమిటిక్ వ్యతిరేకత’ అనకండి. సెమిటిక్ అనేది హీబ్రూ, అరబ్బీ, అమ్హారిక్ లాంటి భాషల కుటుంబం పేరు. దాన్ని ద్వేషానికి తగిలించి 1879 ప్రాంతంలో ప్రచారంలో పెట్టింది విల్హెల్మ్ మార్ అనే జర్మన్, యూదు ద్వేషి. ‘శాస్త్రీయం’గా వినిపిస్తుందని దాని సోకు. తమాషా ఏమిటంటే, అరబ్బులు నొచ్చుకుంటారని యుద్ధకాలంలో నాజీ ప్రచార శాఖే ఆ మాట వాడొద్దని పత్రికలకు చెప్పింది. మనకు బైబిలు తెలుగు ఇచ్చిన ‘యూదులు’ ఉండగా టెన్షన్ ఎందుకు? ‘యూదు ద్వేషం’ అనండి, మరీ ఘాటనిపిస్తే ‘యూదు వ్యతిరేకత’.

మీ వాక్యాన్ని ఇలా మార్చుకోండి: ‘యూదు ద్వేషమూ, దానికి ఎదురు నిలిచే ప్రయత్నాలూ ప్రపంచీకరణ ద్వారానే దేశాలు దాటాయి.’ ఇంకొకటి, వ్యాసంలో రెండుచోట్ల ‘యూదాలు’ అని పడింది, దిద్దుకోండి. యూదా బైబిల్లోని ఒక మనిషి పేరు, యూదుడు వేరు.