సన్న టైర్లు వేయించే ముందు

చిరంజీవి కిరణ్‌కు ఆశీస్సులు.

మైలేజీ కోసం కారుకి 205/55 ఆర్16 సైజు టైర్లు తీసేసి 185/55 వేయిస్తానని, రిమ్ములు మాత్రం కంపెనీవే ఉంచుతానని అన్నావట. అక్క చెప్పింది. ఈ అంకెల్లో మొదటిది టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో టైరు పక్కగోడ ఎత్తు ఎంత శాతమో, 16 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో. షాపుకి వెళ్లే ముందు ఇది చదువు.

నీ రిమ్ము లోపలి వైపు 6.5జె అని అచ్చు ఉంటుంది. అంటే వెడల్పు ఆరున్నర అంగుళాలు. 185/55 టైరుకి అదే ఆఖరి హద్దు. టైరు రెండు పక్కలా సాగి కూర్చుంటుంది, రిమ్ము అంచు బయటపడుతుంది. వానాకాలంలో మియాపూర్ వైపు నీళ్ల కింద గుంత కనిపించదు కదా, ఆ దెబ్బ నేరుగా అల్లాయ్ రిమ్ముకే తగులుతుంది.

నన్ను ఎక్కువ భయపెట్టేది బరువు సంగతి. ఇప్పుడున్న టైరు మీద 91 అని బరువు నంబరు ఉంది చూడు, ఒక్కోటి 615 కిలోలు మోస్తుంది. 185/55లో మామూలుగా వచ్చేది 83, అంటే 487 కిలోలే. మే నెల ఎండలో అమ్మానాన్నల్ని, పిల్లల్ని, డిక్కీ నిండా సామాన్లని పెట్టుకుని ఔటర్ రింగ్ రోడ్డు మీద 120లో పోతావు. ఆ బరువుకి, ఆ వేడికి టైరు పగిలితే ఏం చేస్తాం నాన్నా?

ఇక మైలేజీ. సన్న టైరు తేలిగ్గా దొర్లుతుంది, నిజమే. కానీ ఈ సైజులో చక్రం ఎత్తు 632 మిల్లీమీటర్ల నుంచి 610కి పడిపోతుంది. మీటరు 100 కిలోమీటర్లు చూపిస్తే బండి నడిచేది 96.5 మాత్రమే. నువ్వు మురిసిపోయే మైలేజీలో కొంత మీటరు చెప్పే అబద్ధమే. పైగా బండి 11 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. మీ కాలనీ స్పీడ్ బ్రేకర్లకి ఇప్పటికే కింద రాసుకుంటోంది.

వాన నీళ్లని సన్న టైరు బాగా కోస్తుందన్న నీ మాట ఒప్పుకుంటాను. అందుకే మనసు అటే లాగుతుంటే ఒక్క మెట్టు దిగి 195/55 దగ్గర ఆగు. అందులోనూ 91 రాసి ఉన్న ఎక్స్‌ఎల్ రకమే, అంటే ఎక్కువ బరువు మోసేదే అడుగు. దానికి గాలి కాస్త ఎక్కువ కావాలి, ఎంతో టైరు కంపెనీ పట్టికలో చూసి కొట్టించు. నాలుగూ ఒకేసారి మార్చు, అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చేయించు. నన్నడిగితే మాత్రం 205లోనే మంచి టైరు కొనుక్కో.

షాపువాడు "ఏం కాదన్నా, అందరూ వేయిస్తున్నారు" అంటాడు. టెన్షన్ పడకు. బిల్లు మీద సైజు, బరువు నంబరు రాయించుకుని, బిగించే ముందు ఫొటో తీసి నాకు పంపు.

మీ మామయ్య