ఇల్లు, లోను, మీ ప్రశ్న: సబ్సిడీ వస్తుందని అడ్వాన్స్ ఇచ్చేయకండి

ప్రశ్న: మేడమ్ నమస్తే. మా ఆయనకీ నాకూ కలిపి నెలకి 58 వేలు వస్తాయి. హైదరాబాద్‌లో కడుతున్న ఒక అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ చూశాం, 34 లక్షలు, కార్పెట్ ఏరియా (గోడల లోపల వాడుకునే చోటు) 690 అడుగులు అన్నారు. మా దగ్గర 7 లక్షలుంది. పీఎం ఆవాస్‌లో 2.67 లక్షలు సబ్సిడీ ముందే వస్తుంది, 8 వేలు ఇస్తే ఫైలు నేను చేయిస్తా అని ఒక ఏజెంట్ చెప్తున్నాడు. ఊళ్లో మా మామగారి పేరు మీద స్లాబ్ ఇల్లుంది, దానివల్ల ఏమైనా ఇబ్బందా?

జవాబు: ముందు ఆ 8 వేలు ఇవ్వకండమ్మా. ఆ 2.67 లక్షలనేది పాత స్కీము లెక్క, 2015లో మొదలైన పీఎం ఆవాస్ అర్బన్‌లో 6 లక్షల లోపు ఆదాయం వాళ్ళకి ఇచ్చిన వడ్డీ సబ్సిడీ, అది 2022 మార్చి 31తోనే మూతపడింది. మధ్యతరగతి వాళ్ళదైతే అంతకు ఏడాది ముందే అయిపోయింది. మూతపడ్డ స్కీము పేరు చెప్పి ఇప్పటికీ డబ్బులు గుంజే వాళ్ళు ఉన్నారంటే, ఆ అంకె జనానికి అంతగా గుర్తుండిపోయింది మరి.

ఇప్పుడున్నది పీఎం ఆవాస్ అర్బన్ 2.0, 2024 సెప్టెంబర్ 1 నుంచి. ఏడాదికి 9 లక్షల లోపు ఆదాయం ఉండాలి, మీది 7 లక్షల దగ్గర కాబట్టి సరిపోయింది. ఇంటి విలువ 35 లక్షలు, లోను 25 లక్షలు దాటకూడదు. దేశంలో ఎక్కడా మీ కుటుంబం పేరు మీద పక్కా ఇల్లు ఉండకూడదు, గత 20 ఏళ్లలో ఏ ప్రభుత్వ ఇంటి పథకంలోనూ లబ్ధి పొంది ఉండకూడదు. ఇక్కడ కుటుంబం అంటే భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు, అంతే. మామగారి ఇల్లు మామగారిదే, అది మీ ఆయన పేరు మీదకి మారనంత వరకూ మీకు అడ్డం కాదు. కొత్త ఇల్లు మాత్రం మీ పేరు మీదో ఇద్దరి పేరు మీదో ఉండాలి.

వచ్చేది ఎంతంటే, లోనులో మొదటి 8 లక్షల మీద 4 శాతం వడ్డీ, 12 ఏళ్ల కాలానికి లెక్కేసి, మొత్తం మీద 1.80 లక్షలకి మించకుండా, అదీ ఒక్కసారి కాదు, ఐదేళ్లలో ఐదు ముక్కలుగా మీ లోను ఖాతాలో పడుతుంది. అంటే పూర్తిగా వచ్చినా ఏడాదికి 36 వేలు. మీరు 25 లక్షలు 8.5 శాతానికి 20 ఏళ్లకి తీసుకుంటే ఈఎంఐ దాదాపు 21,700, ఈ సబ్సిడీ ఏడాదికి రెండు ఈఎంఐలకి కూడా సరిపోదు. ఇంకో మెలిక కూడా ఉంది, ఇది బ్యాంకుల్లో ఎవరూ చెప్పరు: ప్రతి ముక్కా విడుదలయ్యే టైముకి లోను నడుస్తూ ఉండాలి, అసలులో సగం కంటే ఎక్కువ బాకీ ఉండాలి. రెండో ఏడాది పుట్టింటి వాళ్ళిచ్చిన స్థలం అమ్మి సగానికి పైగా కట్టేశారనుకోండి, మిగతా ముక్కలు పోయినట్టే. అలాగని చేతిలో డబ్బు పెట్టుకుని వడ్డీ కట్టమని కాదు నేను చెప్పేది, ఏది ఎక్కువో కాగితం మీద లెక్క వేసుకోండి.

అసలు సమస్య సబ్సిడీ కాదు. 34 లక్షల్లో 25 లక్షల లోను పోతే 9 లక్షలు మీరు పెట్టాలి, మీ దగ్గర 7 ఉంది. పైగా కడుతున్న ఫ్లాటు కాబట్టి జీఎస్టీ. హైదరాబాద్ లాంటి మెట్రోలో 60 చదరపు మీటర్లు, అంటే సుమారు 645 అడుగుల కార్పెట్ లోపు ఉండి 45 లక్షలు దాటకపోతే 1 శాతమే, మీది 690 కాబట్టి 5 శాతం, అంటే 1.70 లక్షలు. ఆ 45 అడుగుల కోసం మీరు అదనంగా కట్టేది 1.36 లక్షలు! ఐదేళ్లు ఎదురుచూస్తే వచ్చే సబ్సిడీలో ముప్పాతిక వంతు ఇక్కడే పోతోంది. దానిపైన రిజిస్ట్రేషన్, దాన్ని ఈ రేటు ఇళ్ళకి బ్యాంకు లోనులో కలపదు. ఇల్లు చేతికొచ్చే దాకా అద్దె ఒక పక్క, వడ్డీ ఒక పక్క.

నన్నడిగితే ఈ ఫ్లాటు వదిలేయండి. అదే బిల్డర్ దగ్గర 640 అడుగుల లోపు యూనిట్ ఉందేమో అడగండి, లేదా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడం పూర్తయింది, ఇక ఉండొచ్చని ఇచ్చే కాగితం) వచ్చేసిన ఇల్లు చూడండి, దానికి జీఎస్టీయే లేదు. సబ్సిడీ అప్లికేషన్‌కి ఏజెంటు అక్కర్లేదు, పీఎం ఆవాస్ పోర్టల్‌లో ఆధార్‌తో మీరే పెట్టుకోవచ్చు. లోను తీసుకునే ముందు మాత్రం మీ బ్యాంకుకి ఈ పథకం నోడల్ ఏజెన్సీతో, అంటే సబ్సిడీ డబ్బు బ్యాంకులకి పంపే సంస్థతో, ఒప్పందం ఉందా అని అడగండి. లేకపోతే మీరు అర్హులైనా క్లెయిమ్ పంపేవాళ్ళు ఉండరు.

ప్రశ్న: మాది తెలంగాణలో మున్సిపాలిటీ, సొంత స్థలం 110 గజాలు, రేకుల ఇల్లు. ఇందిరమ్మ ఇల్లు శాంక్షన్ అయింది. ఎలాగూ కడుతున్నాం కదా, పెద్దగా 900 అడుగులు వేసుకుందామని మా అబ్బాయి అంటున్నాడు.

జవాబు: వద్దండీ, అక్కడే చాలామందికి బిల్లు ఆగేది. ఇందిరమ్మ ఇంటికి 400 నుంచి 600 అడుగుల మధ్యే కట్టాలి, 5 లక్షలు నాలుగు విడతల్లో ఇస్తారు, బేస్‌మెంట్ అయ్యాక మొదటి లక్ష. ప్రతి దశకీ ఫొటో తీసి కొలత చూసి పంపుతారు, బేస్‌మెంట్ కొలతలోనే 600 దాటితే మొదటి బిల్లే రాదు. ముందు ఒప్పుకున్న సైజులో కట్టి డబ్బంతా తీసుకోండి, మెట్లకి, పైన వేయడానికి పునాదిలో తగినంత బలం మేస్త్రీతో ముందే పెట్టించండి, మీ అబ్బాయి ముచ్చట తర్వాత తీర్చుకోవచ్చు.

ఒక మాట, బేస్‌మెంట్ దాకా మీ జేబులోంచే పెట్టాలి. దానికోసం రోజువారీ వడ్డీకి అప్పు తెచ్చి, బిల్లు రెండు నెలలు లేటయ్యే సరికి ఆ లక్షలో చాలా వరకు వడ్డీకే పోగొట్టుకున్న వాళ్ళని చూశాను. మీ ఇంట్లో ఎవరైనా పొదుపు సంఘంలో ఉంటే ముందు అక్కడ అడగండి.

ప్రశ్న: నేను చిన్న బిల్డర్‌ని. జిల్లా కేంద్రంలో పేదలకి అందే ధరలో 40 ఫ్లాట్లు కట్టాలని ఉంది. స్థలం కొనడానికి కూడా ప్రభుత్వ లోన్ వస్తుందా?

జవాబు: స్థలానికి రాదు తమ్ముడూ. ప్రైవేటు బిల్డర్‌కి స్థలం కొనుక్కోడానికి బ్యాంకులు అప్పివ్వడం ఆర్‌బీఐ ఒప్పుకోదు, కట్టడానికే ఇస్తారు. అఫర్డబుల్ హౌసింగ్‌కి 2017 బడ్జెట్‌లో రోడ్లు, కరెంటు లాంటి వాటితో సమానంగా ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ హోదా వచ్చింది, దానివల్ల నిధులు దొరకడం కొంత సులువైంది కానీ బ్యాంకు మేనేజరు చూసేది మీ స్థలం టైటిలూ, మీరు పెట్టే సొంత డబ్బూ.

ఇక పీఎం ఆవాస్ అర్బన్ 2.0 కింద కేంద్రం ఇచ్చే సాయం మీ చేతికి గ్రాంటులా రాదు, కొనేవాడి వెంట వస్తుంది. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబం కొనే ఇంటికి మన రాష్ట్రాల్లో కేంద్రం 1.5 లక్షలు, రాష్ట్రం కనీసం లక్ష. ప్రైవేటు ప్రాజెక్టైతే రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఆమోదించిన లిస్టులో పెట్టాలి, అప్పుడు లబ్ధిదారుడికి హౌసింగ్ వోచర్ ఇస్తారు, అతను దాన్ని మీ ఫ్లాటుకి వాడుకుంటాడు. కాబట్టి బ్యాంకుకి పోయేముందు మున్సిపాలిటీకి పోండి. కొత్త రకం నిర్మాణ టెక్నాలజీ వాడితే చదరపు మీటరుకి 1,000 చొప్పున విడిగా గ్రాంటు కూడా ఉంది. లాభం మీద ఇన్‌కమ్ ట్యాక్స్ ఉండదని ఎవరైనా చెప్తే నమ్మకండి, ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టంలో ఆ సెక్షన్ 80-ఐబీఏ మినహాయింపు 2022 మార్చి 31 లోపు అనుమతి వచ్చిన ప్రాజెక్టులకే.

రెరా, అంటే ఇళ్ళ ప్రాజెక్టుల మీద కొనేవాళ్ళకి రక్షణగా పెట్టిన చట్టం, దాని సంగతి వేరే చెప్పక్కర్లేదు, 8 యూనిట్లు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు, కొనేవాళ్ళు కట్టిన దాంట్లో 70 శాతం విడి ఖాతాలో పెట్టి ఆ ప్రాజెక్టు స్థలానికీ నిర్మాణానికీ మాత్రమే తీయాలి. అడ్వాన్సులతో ఇంకో చోట స్థలం కొందామనే ప్లాన్ ఉంటే ఇప్పుడే మానుకోండి.

ప్రశ్న: మూడేళ్లుగా మా అపార్ట్‌మెంట్ పని ఆగిపోయింది. కేంద్రం స్వామీ ఫండ్ ఉందట కదా, మేం కొనుక్కున్నవాళ్ళం అప్లై చేయొచ్చా?

జవాబు: డైరెక్టుగా కుదరదండీ. 2019లో పెట్టిన ఆ ఫండ్ ఆగిపోయిన ప్రాజెక్టుకి పెట్టుబడి ఇస్తుంది, ఫ్లాటు కొన్నవాళ్ళకి కాదు. ప్రాజెక్టు రెరాలో రిజిస్టరై ఉండాలి, అఫర్డబుల్ లేదా మధ్యతరగతి ఇళ్ళవి అయి ఉండాలి, మిగతా ఫ్లాట్లు అమ్మితే ఆ డబ్బు తిరిగొస్తుందని లెక్క తేలాలి. రెండో విడతగా 15,000 కోట్లు 2025 బడ్జెట్‌లో ప్రకటించారు. మీరందరూ ఒక సంఘంగా కలిసి బిల్డర్ చేత అడిగించొచ్చు. దానికోసం కూర్చోకుండా రెరాలో కేసు మాత్రం వెంటనే వేయండి, సెక్షన్ 18 కింద వడ్డీతో సహా డబ్బు వెనక్కి అడగొచ్చు, లేదా ఇల్లే కావాలంటే ఆలస్యమైన ప్రతి నెలకీ వడ్డీ అడగొచ్చు.