‘బిగ్ విండ్ కేమ్’ ఎందుకు అతకలేదంటే

‘సాయంత్రం పెద్ద గాలి వచ్చింది, అర్ధరాత్రికి తగ్గింది’ అన్నదాన్ని మీరు ఇంగ్లీషులోకి మాటకు మాట మార్చి ‘బిగ్ విండ్ కేమ్’ అని రాశారు. చిక్కంతా అక్కడే.

1. పెద్ద గాలికి బిగ్ కాదు, స్ట్రాంగ్; పెద్ద వానకు హెవీ. పిల్లగాలి అయితే జెంటిల్ బ్రీజ్.

2. అందరూ వదిలేసేది క్రియ. స్ట్రాంగ్ బట్టీపట్టి, చివర్లో మళ్ళీ కేమ్, వెంట్ అనే రాస్తాం (నేనూ చాన్నాళ్లు అంతే). వీస్తే బ్లోస్, పుంజుకుంటే పిక్స్ అప్, తగ్గితే డైస్ డౌన్. మీ వాక్యం ఇలా:
‘ద విండ్ పిక్డ్ అప్ ఇన్ ది ఈవెనింగ్ అండ్ డైడ్ డౌన్ బై మిడ్‌నైట్.’

3. ఒక్కసారి విసురుగా కొట్టి ఆగితే ‘ఎ గస్ట్ ఆఫ్ విండ్’. ‘గేల్’ మాత్రం ఊరికే వాడకండి. గాలి బలాన్ని కొలిచే బోఫర్ట్ స్కేలులో అది 8వ మెట్టు, గంటకు 62 కి.మీ. పైమాటే.