గ్యాస్, నిద్రలేమి... సూట్‌కేసులో తెచ్చుకున్న మందులతో తీరేవేనా?

ప్రశ్న: నా వయసు 46. ఉద్యోగరీత్యా ఏడాదిన్నరగా విదేశంలో ఒంటరిగా ఉంటున్నాను. వచ్చిన రెండు మూడు నెలల నుంచీ కడుపుబ్బరం, పుల్లటి తేన్పులు, ఛాతీలో మంట. ఇంటి నుంచి తెచ్చుకున్న పాంటోప్రజోల్-డోంపెరిడోన్ క్యాప్సూల్ రోజూ వేసుకుంటున్నాను. రాత్రి రెండింటికి గానీ నిద్ర పట్టదు, ఐదింటికే మెలకువ వచ్చేస్తుంది. బంధువొకరు ఫోన్లో చెబితే నాలుగు నెలలుగా అల్ప్రాజోలం 0.5 మి.గ్రా. వాడుతున్నాను. నడుంనొప్పికి అప్పుడప్పుడు డైక్లోఫెనాక్. తిండి సరిపడకేమో, ఈ ఏడాదిలో ఆరు కిలోలు తగ్గాను. ఇక్కడ డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరకాలంటే వారాలు పడుతుంది. నాకు ఏ ప్రోబయోటిక్ మంచిది? అల్ప్రాజోలం మానేసి మెలటోనిన్ వాడొచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: ప్రోబయోటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా ఉండే మందు) సంగతి తర్వాత చూద్దాం. మీ ఉత్తరంలో నా కళ్లు ఆ ఆరు కిలోల దగ్గరే ఆగిపోయాయి. మీరేమో దాన్ని తిండి మీదికి తోసేసి ముందుకెళ్లిపోయారు. తగ్గాలని ప్రయత్నించకుండా ఆరు నెలల నుంచి ఏడాదిలోపు ఒంటి బరువులో 5 శాతానికి మించి తగ్గితే కారణం వెతకాల్సిందే. 75 కిలోల మనిషికి ఆ లెక్క నాలుగు కిలోల లోపే వస్తుంది. మీ బరువెంతో రాయలేదు గానీ, ఎంతైనా ఆరు కిలోలు తేలిగ్గా తీసుకునేవి కావు. కొత్త దేశంలో వంట సరిగా కుదరక తగ్గేవాళ్లు ఉంటారు, కాదనను. అయితే ఆ మాట పరీక్షలన్నీ అయ్యాక చివర్లో అనుకోవాలి.

కడుపు, నిద్ర, బరువు మూడూ కలిసి దెబ్బతింటే మాకు ముందుగా తట్టేవి కొన్ని ఉంటాయి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తుంటే నిద్ర పట్టదు, గుండె దడగా ఉంటుంది, విరేచనం ఎక్కువసార్లు అవుతుంది, తింటున్నా బరువు తగ్గుతుంది. షుగర్ బయటపడబోతున్నవాళ్లు రాత్రి మూత్రానికి పదేపదే లేస్తారు, దాన్ని నిద్రలేమి అనుకుంటారు. కడుపులో పుండు, దానికి కారణమయ్యే హెచ్. పైలోరి అనే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ సరేసరి. ఇక తెల్లవారుజామునే మెలకువ, ఆకలి మందగించడం, ఒంటరితనం... డిప్రెషన్ కూడా ఇలాగే ఉంటుంది. అది మనసు దాకా వచ్చేలోపు కడుపులోనే కనిపించేవాళ్లు తక్కువేం కాదు. అరుదుగానే అయినా క్యాన్సర్ కాదని తేల్చుకోవడం కూడా ఈ జాబితాలోదే. మీకు ఫలానా జబ్బు ఉందని చెప్పడం లేదు. మిమ్మల్ని చూడకుండా, పొట్ట నొక్కి పరీక్షించకుండా ఎవరూ చెప్పలేరు. ఏడాదిగా ఎవరూ చూడలేదన్నదే నా బాధ.

ఛాతీలో మంట అన్నారు. ఎప్పుడు వస్తోంది? తిన్నాక, పడుకున్నాక వస్తే ఆసిడ్ పైకి తన్నడం కావచ్చు. మెట్లెక్కుతున్నప్పుడు, గబగబా నడుస్తున్నప్పుడు వచ్చి, ఆగగానే తగ్గితే అది గ్యాస్ అనుకోవద్దు. మీ వయసులో గుండెనొప్పిని గ్యాస్ అనుకుని మాత్ర మింగి పడుకున్నవాళ్లు మా దగ్గరికి ఆలస్యంగా వస్తుంటారు. ఒక ఈసీజీ ఎలాగూ తీయించుకోవాలి. దానికి ఇంకో కారణం కూడా ఉంది, కింద చెబుతాను.

డైక్లోఫెనాక్ ‘అప్పుడప్పుడు’ అన్నారు. పేషెంట్లు చెప్పే అప్పుడప్పుడు అంటే వారానికి నాలుగు మాత్రలని అడిగితే తేలుతుంది. ఈ నొప్పి మాత్రలు జీర్ణాశయంలో పుండు పుట్టించగలవు, ఒక్కోసారి నొప్పే తెలియకుండా. ఆపైన మీరు రోజూ ఆసిడ్ తగ్గించే మందు వేస్తున్నారు కాబట్టి ఉన్న లక్షణం కూడా మరుగున పడుతుంది. మలం రంగు గమనించారా? తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో ఉంటే లోపల రక్తం కారుతున్నట్టు అనుమానించాలి. ఐరన్ మాత్రలు, బిస్మత్ ఉన్న మందులు వాడినా మలం నల్లబడుతుంది, ఆ తేడా డాక్టర్ చూసి చెబుతారు. ఈలోగా డైక్లోఫెనాక్ మానేయండి. నడుంనొప్పికి పారాసిటమాల్ సరిపోతుందేమో, లివర్ సమస్యలేవీ లేకపోతే, అక్కడి ఫార్మసిస్టును అడగండి.

ఇక నన్ను ఎప్పుడూ చిరాకు పెట్టే విషయానికి వస్తాను: సూట్‌కేసు వైద్యం. సెలవుకు వచ్చి తిరిగి వెళ్లేవాళ్లు ఆరు నెలలకు, ఏడాదికి సరిపడా మందులు కొనుక్కుని బట్టల మధ్య సర్దుకుంటారు. అందులో యాంటీబయాటిక్స్ ఉంటాయి, ‘ఒకవేళ’ కోసం నిద్రమాత్రలు ఉంటాయి, ఎవరికో రాసిన చీటీ ఉంటుంది. 2020లో అమెరికా, యూరప్ నియంత్రణ సంస్థలు మార్కెట్ నుంచి తప్పించిన రానిటిడిన్‌ను ఇప్పటికీ డబ్బాలో దాచుకున్నవాళ్లున్నారు. మందు చేతిలో ఉంటే డాక్టర్ అవసరం లేదనిపిస్తుంది, నెలలు గడిచిపోతాయి. మీకు జరిగింది అదే. అక్కడ అపాయింట్‌మెంట్‌కు వారాలు పడుతుందన్నారు. నిజమే. మీరు ఏడాది కిందట బుక్ చేసుకుని ఉంటే ఈపాటికి చాలాసార్లు చూపించుకుని ఉండేవారు కదా!

పాంటోప్రజోల్ మంచి మందే. పరగడుపున, మొదటి భోజనానికి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. రాత్రి తిని పడుకునే ముందు వేసుకుంటే అంత బాగా పనిచేయదు, చాలామంది అలాగే వేస్తారు. మామూలుగా నాలుగు నుంచి ఎనిమిది వారాల కోర్సు. ఆపైన వాడాలంటే ఒక కారణం ఉండాలి, ఆ కారణం డాక్టర్ చెప్పాలి. కారణం ఉన్నవాళ్లకు ఏళ్ల తరబడి మేమే రాస్తాం, కాబట్టి వాట్సాప్‌లో ఏదో చదివి భయపడి మానేయకండి. ఏడాదికి పైగా వాడినవాళ్లలో బి12, మెగ్నీషియం తగ్గే అవకాశం ఉంది, పరీక్షించుకోవాలి. ఉన్నట్టుండి ఆపితే కొన్ని వారాలు ఆసిడ్ మునుపటికంటే ఎక్కువగా ఊరుతుంది. జబ్బు తిరగబెట్టిందనుకుని మళ్లీ మొదలుపెడతారు, అలా ఆ మాత్ర వదలకుండా పోతుంది.

దానితో కలిపి ఉన్న డోంపెరిడోన్ విషయంలో నాకు ఇంకాస్త దిగులుంది. అది కొందరిలో గుండె లయను దెబ్బతీస్తుంది. 2014లో యూరప్‌లో దాన్ని వికారం, వాంతులకే, అదీ తక్కువ మోతాదులో, కొద్ది రోజులకే పరిమితం చేశారు. అమెరికాలోనైతే దానికి అసలు ఆమోదమే లేదు. పాంటోప్రజోల్ దీర్ఘకాలం వాడి మెగ్నీషియం తగ్గితే అదీ గుండె లయకే ముప్పు. రెండూ ఒకే క్యాప్సూల్‌లో, ఏడాదికి పైగా, ఒక్క ఈసీజీ లేకుండా! మధ్యలో ఎవరైనా క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ రాస్తే ప్రమాదం ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే మీరు డోంపెరిడోన్ వాడుతున్నట్టు అక్కడి డాక్టర్‌కు తెలియదు. ఈ కాంబినేషన్ అవసరమా, ఒట్టి పాంటోప్రజోల్ చాలా అన్నది ఈ వారమే అక్కడి డాక్టర్‌తోనో ఫార్మసిస్టుతోనో మాట్లాడండి. కళ్లు తిరిగినా, గుండె దడ అనిపించినా ఆగకుండా వెళ్లండి. మరొకటి, హెచ్. పైలోరికి శ్వాస పరీక్షో మల పరీక్షో చేసే ముందు పాంటోప్రజోల్ రెండు వారాలు, యాంటీబయాటిక్స్ నాలుగు వారాలు ఆపి ఉండాలి. లేకపోతే ఇన్ఫెక్షన్ ఉన్నా లేదని రావచ్చు. అయితే మీ అంతట మీరు ఆపకండి. పుండు అనుమానం ఉన్నప్పుడు అది ఆపాలా వద్దా అన్నది చూసిన డాక్టర్ నిర్ణయం.

అల్ప్రాజోలం. ఇది రేపటి నుంచి ఆపేస్తానంటే నేను ఒప్పుకోను. నాలుగు నెలలు రోజూ వాడాక ఒక్కసారిగా ఆపితే నిద్ర పూర్తిగా పోవచ్చు, వణుకు, తీవ్ర ఆందోళన, కొందరిలో ఫిట్స్ కూడా రావచ్చు. వారాల తరబడి మోతాదు మెల్లగా తగ్గిస్తూ రావాలి, అదీ డాక్టర్ పర్యవేక్షణలో. స్టాకు అయిపోవస్తుంటే అదే మీ అత్యవసరం, అపాయింట్‌మెంట్ అడిగేటప్పుడు ఆ మాట కూడా చెప్పండి. మద్యంతో కలిస్తే ఊపిరి మందగిస్తుంది. మీరు మద్యం గురించి రాయలేదు, రాయనివాళ్లందరికీ అలవాటు లేదని కాదు కాబట్టి చెబుతున్నాను. పైగా చాలా దేశాల్లో ఇది నియంత్రిత జాబితాలోని మందు. మీ పేరున చీటీ లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరమయ్యే చోట్లున్నాయి. ఫోన్లో చెప్పిన ఆ బంధువు అక్కడికి వచ్చి సంజాయిషీ ఇవ్వరు.

మెలటోనిన్ దీనికి బదులు కాదు. అది మత్తు ఇచ్చే మందు కాదు, ఒంటికి రాత్రయిందని చెప్పే సంకేతం. ఒంట్లోని నిద్ర గడియారం తప్పినవాళ్లకు కొంత పనికొస్తుంది, అల్ప్రాజోలం మానేటప్పుడు వచ్చే ఇబ్బందిని మాత్రం అడ్డుకోలేదు. కొన్ని దేశాల్లో చీటీ ఉంటేనే ఇస్తారు, కొన్నిచోట్ల విటమిన్ల పక్కన అమ్ముతారు. అలా అమ్మేచోట సీసా మీద రాసిన మోతాదూ లోపల ఉన్న మోతాదూ ఒకటే అన్న నమ్మకం లేదు.

ఏడాదిన్నర తర్వాత ఇది జెట్‌లాగ్ కాదు. అది సుమారుగా ఒక టైమ్ జోన్‌కు ఒక రోజు చొప్పున సర్దుకుంటుంది. నేను అనుమానించేది మీ ఫోన్‌ను. ఇంటివాళ్లకు తెల్లవారే వేళకు మీకు అర్ధరాత్రి అయితే, వాళ్లతో మాట్లాడి, ఆ తర్వాత తిని, పడుకునేసరికి ఎంతవుతోంది? రాత్రి భోజనానికి, పడకకు మధ్య మూడు గంటలైనా ఉండాలి. అదొక్కటి కుదిరితే మంట, నిద్ర రెండూ కొంత దారికొస్తాయి. మంచం తలవైపు కోళ్ల కింద దిమ్మలు పెట్టి 15 నుంచి 20 సెంటీమీటర్లు ఎత్తండి. దిండ్లు పేర్చుకుంటే నడుం మడతపడి పొట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది, లాభం లేదు. ఎడమవైపు తిరిగి పడుకోండి. కాఫీ మధ్యాహ్నంతో సరి, అందులోని కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. ఎన్నింటికి పడుకున్నా లేచే వేళ ఒకటే ఉండాలి, లేచాక వెలుతురులోకి వెళ్లాలి. వారానికి మూడు రాత్రులు చొప్పున మూడు నెలలు దాటిన నిద్రలేమికి మొదటి చికిత్స మాత్రలు కాదు, సీబీటీ-ఐ అనే ప్రవర్తనా చికిత్స. చాలా దేశాల్లో ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది.

ఒంటరిగా ఉంటున్నారు కాబట్టి మీకు గురక ఉందో లేదో చెప్పేవాళ్లు లేరు. ఒక రాత్రి ఫోన్లో రికార్డు పెట్టి పడుకోండి. గురక మధ్యలో ఆగి, ఉక్కిరిబిక్కిరై మళ్లీ మొదలైతే స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) అనుమానించాలి. అది ఉన్నవాళ్లలో రాత్రి ఆసిడ్ మంట కూడా ఎక్కువ, అల్ప్రాజోలం దాన్ని ఇంకా చెడగొడుతుంది.

ప్రోబయోటిక్ అడిగారు. 2020లో అమెరికన్ గ్యాస్ట్రోఎంటరాలజికల్ అసోసియేషన్ చాలా జీర్ణ సమస్యలకు వీటిని సిఫార్సు చేయలేకపోయింది. బ్రిటన్ నిపుణులు ఐబీఎస్ (తరచూ కడుపునొప్పి, ఉబ్బరం, విరేచనంలో తేడాలతో వేధించే పేగు సమస్య) ఉన్నవాళ్లు కావాలంటే 12 వారాల వరకు ప్రయత్నించి చూడొచ్చన్నారు. మీది ఐబీఎస్ అని ఎవరూ తేల్చలేదు. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు తప్ప మిగతావాళ్లకు పెద్ద హాని ఉండదు, పెద్ద మేలూ ఆశించకండి. ఉబ్బరానికి పాలు, షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్, గ్యాస్ నింపిన పానీయాలు కారణమేమో రెండు వారాలు ఒక్కొక్కటిగా మానేసి చూడండి.

అపాయింట్‌మెంట్ అడిగేటప్పుడు కడుపుబ్బరంతో మొదలుపెడితే సాధారణ క్యూలో వేస్తారు. ‘ప్రయత్నించకుండానే ఆరు కిలోలు తగ్గాను, అప్పుడప్పుడు నొప్పి మాత్రలు, రోజూ నిద్రమాత్రలు వాడుతున్నాను’ అని మొదలుపెట్టండి, ఫోన్లో నర్సు సలహా ఇచ్చే లైన్ ఉంటే ముందు వాళ్లకే చెప్పండి. మందుల బ్రాండ్ పేర్లు అక్కడ ఎవరికీ తెలియవు, అసలు పేర్లు, మోతాదులు, ఎన్నాళ్లుగా వాడుతున్నారో కాగితం మీద రాసుకెళ్లండి. రక్తహీనత, ఐరన్, థైరాయిడ్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), బి12, మెగ్నీషియం పరీక్షల గురించి అడగండి. ఎండోస్కోపీ వెంటనే కావాలా అన్నదానికి ఒక్కో దేశంలో ఒక్కో వయసు పరిమితి పెట్టుకున్నారు, అది వాళ్లకు వదిలేయండి.

ఆ తేదీ వచ్చేలోపు నల్లటి మలం, రక్తపు వాంతి, మింగుతుంటే ముద్ద అడ్డుపడటం, స్పృహ తప్పడం, చెమటతో ఛాతీ బిగుసుకుని చేతికో దవడకో పాకే నొప్పి... వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అక్కడి ఎమర్జెన్సీ నంబర్‌కు ఫోన్ చేయండి. ఆ నంబర్ మీకు తెలియకపోతే ఈ సమాధానం చదవడం పూర్తికాగానే కనుక్కుని ఫోన్లో పెట్టుకోండి.