కంటి గడ్డల ఎంఆర్ఐ పనిలోకి రావాలంటే డాక్టరే అవ్వాలా?

"మా పిన్ని కూతురికి మూడేళ్లు. కంట్లో రెటినోబ్లాస్టోమా అనే క్యాన్సర్ అన్నారు, మత్తిచ్చి ఎంఆర్ఐ తీశారు. నేను డిగ్రీ రెండో ఏడాది, ఫిజిక్స్. మెడిసిన్ సీటు రాలేదు. కంటి గడ్డలను ఎంఆర్ఐతో చూసే పని చేయాలని ఉంది, డాక్టర్ కాకపోతే కుదరదా?" అని రాశావు.

మీ చెల్లి త్వరగా కోలుకోవాలని మనసారా కోరుకుంటున్నాను. నీ ప్రశ్నకు జవాబు: కుదురుతుంది. ఈ పనిలో తేలని చిక్కులు చాలావరకు నువ్వు చదివే ఫిజిక్స్‌లోనే ఉన్నాయి.

ఎలాగంటే, పెద్దవాళ్ల కనుగుడ్డే సుమారు 24 మిల్లీమీటర్లు, అందులో గడ్డ ఎంత ఉంటుందో నువ్వే ఊహించు. పైగా తల కదలకుండా పడుకున్నా కన్ను కుదురుగా ఉండదు, రెప్ప పడుతూనే ఉంటుంది, కన్ను కదిలితే బొమ్మంతా మసకబారుతుంది. అందుకే కంటికి ఆనుకునేంత దగ్గరగా చిన్న కాయిల్ (శరీరం నుంచి వచ్చే సిగ్నల్‌ను అందుకునే తీగచుట్ట) పెడతారు. కొన్నిచోట్ల పెద్దవాళ్లకు ఒక గుర్తునే చూస్తూ ఉండమని చెప్పి, స్కాన్‌ను మధ్య మధ్యలో ఆపి అప్పుడే రెప్ప వేయమంటారు. మూడేళ్ల పాపకు అదెలా చెబుతాం? అందుకే మత్తు. ఇక గాలి నిండిన సైనస్‌లు పక్కనే ఉండడం వల్ల అయస్కాంత క్షేత్రం అక్కడ సమంగా ఉండదు, మామూలు డిఫ్యూజన్ స్కాన్‌లో (కణజాలంలో నీటి కదలికను చూపే ఎంఆర్ఐ) కన్ను వంకరగా వస్తుంది, దాన్ని సరిచేయడానికి వేరే సీక్వెన్స్‌లు, అంటే మెషిన్ స్కాన్ తీసే వేరే పద్ధతులు, వాడాలి.

పెద్దవాళ్ల కంట్లో వచ్చే యూవియల్ మెలనోమా అనే క్యాన్సర్ సంగతి ఫిజిక్స్ పరంగా ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఎంఆర్ఐలో టీ1, టీ2 అని రెండు రకాల బొమ్మలు తీస్తారు. చాలా గడ్డలు టీ1 బొమ్మలో నల్లగా, టీ2లో తెల్లగా కనిపిస్తాయి. మెలనిన్ (నల్ల రంగు పదార్థం) ఎక్కువగా ఉన్న మెలనోమా దానికి తలకిందులు, ఎందుకంటే మెలనిన్ పారామాగ్నెటిక్, అంటే అయస్కాంత క్షేత్రానికి కొద్దిగా స్పందిస్తుంది. గడ్డ పక్కన రెటీనా ఊడి నీరు చేరితే రెండూ కలిసిపోయినట్టు కనిపించవచ్చు, గాడోలినియం అనే కాంట్రాస్ట్ మందు నరంలోకి ఎక్కిస్తే గడ్డ వెలుగుతుంది, నీరు వెలగదు. గడ్డ మందం ఎంతన్నదాన్ని బట్టే చికిత్స మారుతుంది: రుథీనియం ప్లేక్ (గడ్డ ఉన్నచోట కంటి బయట అమర్చే చిన్న రేడియేషన్ బిళ్ల) సాధారణంగా 6, 7 మిల్లీమీటర్ల మందం వరకే పనికొస్తుంది. ఒక మిల్లీమీటరు తప్పు కొలిస్తే రోగికి ఇచ్చే చికిత్సే వేరైపోవచ్చు.

ఒకటి మాత్రం సరిగ్గా అర్థం చేసుకో. కంటి గడ్డను మొదట పట్టుకునేది కంటి డాక్టరే, కంటిలోకి చూసి, అల్ట్రాసౌండ్ చేసి. రెటినోబ్లాస్టోమాలో ఎంఆర్ఐ ముఖ్యంగా ఆప్టిక్ నరంలోకి పాకిందా, మెదడులో పీనియల్ గ్రంథి దగ్గర ఏమైనా ఉందా అని చూడడానికి. ఆర్‌బీ1 జన్యువులో పుట్టుకతో మార్పు ఉన్న పిల్లలకు రేడియేషన్ వల్ల మరో క్యాన్సర్ వచ్చే ముప్పు ఎక్కువ కాబట్టి వీలైనంత వరకు ఎక్స్‌రేలు వాడే సీటీ స్కాన్ జోలికి వెళ్లరు.

ఇక దారులు. స్కాన్ చదివి రిపోర్ట్ రాసేది రేడియాలజిస్ట్, అందుకు మెడిసిన్ తప్పదు. మెషిన్ దగ్గర నిలబడి రోగిని పడుకోబెట్టి, కాయిల్ సర్ది, కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడిందా అని అడిగి (పడి ఉంటే అయస్కాంతం దాన్ని కదిలించి చూపే పోవచ్చు, ఇది నిజంగా పెద్ద బాధ్యత) మంచి బొమ్మ తెచ్చేది ఎంఆర్ఐ టెక్నాలజిస్ట్. సీక్వెన్స్‌లు, కాయిల్స్, కొలతల ఖచ్చితత్వం మెడికల్ ఫిజిసిస్ట్‌వి, పరిశోధకులవి. నిన్ను నేను పంపేది ఈ మూడోదానికే: డిగ్రీ తర్వాత మెడికల్ ఫిజిక్స్‌లో పీజీ, ఇష్టం నిలిస్తే పీహెచ్‌డీ. చాలా ఏళ్లు పడుతుంది, ఇంట్లో వాళ్లకు ఆ మాట ఇప్పుడే చెప్పు.

కేవలం కళ్ల కోసమే ఎంఆర్ఐ ఉద్యోగం అంటూ దాదాపు ఉండదు. కంటి క్యాన్సర్ చూసే పెద్ద కేంద్రాల్లోనే ఈ పని జరుగుతుంది, అక్కడ కూడా మెదడు, వెన్ను, మోకాలు అన్నీ చూడాలి. కాబట్టి ముందు ఎంఆర్ఐ నేర్చుకో, కన్ను ఆ తర్వాత. ఇప్పటి నుంచే ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ (ఎంఆర్ఐ సిగ్నల్‌ను బొమ్మగా మార్చే గణితం), పైథాన్ ప్రోగ్రామింగ్ గట్టిగా పట్టు. మార్కులకంటే ఇవే ఎక్కువ ఉపయోగపడతాయి.

ఇంకో మాట, నొచ్చుకోకు. ఇప్పుడు నీకున్న ఆసక్తిలో చెల్లి మీద బెంగ కూడా కలిసి ఉంది, అది సహజం. ఈ సెలవుల్లో ఏదైనా స్కానింగ్ విభాగంలో అనుమతి అడిగి నాలుగు రోజులు పక్కన కూర్చొని చూడు. కన్ను కాకుండా నడుము స్కాన్లే వరసగా వచ్చినా, ఆ బొమ్మ అలా ఎందుకు వచ్చిందని అడగాలనిపించిందా లేదా, అది నాకు రాయి. కోర్సుల పేర్లు అప్పుడు మాట్లాడుకుందాం.