కరెంటు పోయి గరాజ్ తలుపు లేవట్లేదు, కారు లోపలే ఉంది, మంట దగ్గరికొస్తోంది

బహుశా మీ తలుపు చెడిపోలేదండీ. ఓపెనర్‌లో (తలుపును ఎత్తే మోటారులో) కరెంటు పోయినప్పుడు పనిచేసే బ్యాటరీ లేదు, లేదా అయిపోయింది. కాలిఫోర్నియాలో 2019 జూలై నుంచి అమ్మినవాటికే అది తప్పనిసరి.

1. తలుపు పూర్తిగా కిందికి మూసి ఉందా చూడండి. సగంలో ఉంటే తాడు లాగొద్దు, మీద పడుతుంది.
2. పైన పట్టాకు వేలాడే ఎర్ర తాడును గట్టిగా కిందికి లాగండి. టక్కుమని తలుపు మోటారు నుంచి విడిపోతుంది.
3. చాలామంది తప్పేది ఇక్కడే: తాడు లాగితే తలుపు దానంతటదే లేవదు. రెండు చేతులా పట్టి పైదాకా ఎత్తాలి. కదలనంత బరువుంటే స్ప్రింగు తెగినట్టే. ఒక్కరే ఎత్తకండి. సాయం దొరక్కపోతే కారు వదిలేసి పక్కింటివాళ్లతో వెళ్లిపోండి.
4. కారు బయటికి తీశాక తలుపు చేత్తో దించేయండి. నిప్పురవ్వలు అక్కడినుంచి కూడా లోపలికి దూరతాయి.

ఇంట్లో పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉంటే వార్నింగ్‌కే (ఖాళీ చేయాల్సి రావచ్చన్న హెచ్చరికకే) బయలుదేరండి, ఆర్డర్ (వెంటనే ఖాళీ చేయమనే ఆదేశం) దాకా ఆగకండి.