సంక్రాంతి మనది కాదు అల్లుడూ

చి. మేనల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ పొద్దున్నే చూశాను. సెన్సార్ అయింది, పెద్దలకి మాత్రమే అని ‘ఎ’ ఇచ్చారు, సంక్రాంతికి థియేటర్లు దొరికేలా ఉన్నాయి, దిగిపోదామా అని అడిగావు. ఫోన్‌లో చెబితే సగం విని ‘సరే మావయ్యా’ అని పెట్టేస్తావని రాస్తున్నాను. వద్దు. సంక్రాంతికి వద్దు.

నేను చేతులు కాల్చుకున్న సంగతి మీ అమ్మ నీకు చెప్పి ఉండదు. బెజవాడ గాంధీనగర్‌లో ఆఫీసు పెట్టిన కొత్తలో ఒక డబ్బింగ్ సినిమాకి కృష్ణా, గుంటూరు హక్కులు కొన్నాను. ‘ఎ’ సినిమా. పండక్కి జనం ఏది వేసినా చూస్తారని నా ధీమా. కనుమ నాడు గుడివాడలో మాట్నీకి గేటు దగ్గర నిలబడ్డాను. పక్క పల్లె నుంచి ఒక కుటుంబం దిగింది. ముసలమ్మ, మొగుడూ పెళ్ళాం, మరదలు, పట్టులంగా కట్టిన పిల్ల, చంకలో చంటివాడు. ఆయన నోట్లు మడిచి బుకింగ్ కిటికీలోకి చెయ్యి పెట్టాడు. ఈలోగా ఆవిడ వాల్‌పోస్టర్ వైపు చూసింది. పోస్టర్ మూలనున్న ‘ఎ’ని చూసిందో, మధ్యలో ఉన్న హీరోయిన్‌ని చూసిందో. నోరు విప్పి ఒక్క మాట అనలేదు, మొగుడి చొక్కా వెనక నుంచి పట్టి లాగింది అంతే. ఐదు టిక్కెట్లు నా కళ్ళ ముందే రోడ్డు దాటి ఎదుటి హాల్లోకి వెళ్ళిపోయాయి. రాత్రి రిప్రజెంటేటివ్ తెచ్చిన డీసీఆర్‌లో, అంటే ఆ రోజు వసూళ్ళ కాగితంలో, నేల, బెంచీ బాగానే ఉన్నాయి. బాల్కనీలో పావు కూడా నిండలేదు. పబ్లిసిటీకి పెట్టిన డబ్బు కూడా వెనక్కి రాలేదు.

పండగ సినిమా అంటే మనిషి కాదురా, ఇల్లు కదలాలి. ఒక్కో ఇంటికి ఐదో ఆరో టిక్కెట్లు తెగుతాయి. 2025 జనవరి 14న వచ్చిన ‘సంక్రాంతికి వస్తున్నాం’ ఆడింది అలాగే. మన సినిమాకి ఇల్లు రాదు, రానివ్వకూడదు కూడా. పద్దెనిమిది నిండనివాణ్ణి గేటు దాటిస్తే తప్పు హాలు వాడిది.

మరి నీకు వచ్చేదెవరు? ఇద్దరిద్దరుగా, నలుగురైదుగురుగా వచ్చే కుర్రాళ్ళు. అమీర్‌పేట హాస్టళ్ళలో, కూకట్‌పల్లి రూముల్లో, బెజవాడ చుట్టూ ఉన్న ఇంజనీరింగ్ కాలేజీల్లో ఉండేవాళ్ళు. వాళ్ళు సంక్రాంతికి ఎక్కడుంటారు? బస్సెక్కి ఊరెళ్ళిపోతారు. అక్కడ గడప దాటబోతే వాళ్ళమ్మ ‘ఏ సినిమారా’ అని అడుగుతుంది. హాస్టళ్ళు ఖాళీ అయ్యే వారంలో నీ సినిమా వెయ్యడమంటే సంత లేని రోజున బండి కట్టడమే.

‘అర్జున్ రెడ్డి’ పండగ నాడే వచ్చింది కదా అంటావని తెలుసు. నిజమే. 2017 ఆగస్టు 25, వినాయక చవితి. ‘ఎ’ సర్టిఫికెట్, మూడు గంటల నిడివి. కానీ చవితి వేరు. ఒక్క రోజు పండగ, ఊరెళ్ళేవాళ్ళు తక్కువ. మధ్యాహ్నానికి పూజ, ఉండ్రాళ్ళు అయిపోతే కుర్రకారంతా వీధిలోనే. కాలేజీలు తెరిచిన రోజులు, జేబుల్లో ఇంటి నుంచి తెచ్చిన డబ్బులు. పైగా విడుదలకి ముందు బస్సు మీద అంటించిన ముద్దు పోస్టర్‌ని వి. హనుమంతరావు గారు చింపడంతో ఊరంతా అదే మాట. అలాంటి గొడవ నువ్వు ఏర్పాటు చేద్దామని మాత్రం చూడకు. పీఆర్ కుర్రాడు ఐడియా అంటూ వస్తాడు, టీ ఇచ్చి పంపెయ్.

‘యానిమల్’ కూడా చూడు. 2023 ఆగస్టు 11న రావలసింది, డిసెంబరు 1కి జరిపారు. ఆగస్టు 11న ‘గదర్ 2’, ‘ఓ మై గాడ్ 2’ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. డిసెంబరు మొదటి వారం అంటే మన ట్రేడ్‌లో అందరూ మొహం తిప్పుకునే వారం. క్రిస్మస్ సినిమాలు ఇంకా రావు. తెలంగాణలో పోలింగ్ ముందు రోజే అయిపోయింది. మన జిల్లాల్లో అయితే సోమ, మంగళవారాలు మిచాంగ్ తుఫాను, ఐదో తారీఖున బాపట్ల దగ్గర తీరం దాటింది, జనం ఇల్లు కదల్లేదు. అయినా ప్రపంచం మొత్తం మీద 900 కోట్ల పైన గ్రాస్ చేసింది. ఆ ఖాళీ వారమే వాళ్ళకి పండగైంది.

‘సలార్’, ‘ఓజీ’ పేర్లు మాత్రం తేకు. వాటికీ ‘ఎ’యే, క్రిస్మస్‌కి ఒకటి, దసరా ముందు ఒకటి వచ్చాయి. అక్కడ జనం వచ్చింది ప్రభాస్ కోసం, పవన్ కల్యాణ్ కోసం. నీ హీరో మొహం ఇంకా చాయ్ బండి వాడు కూడా గుర్తుపట్టడు.

నా మాట వింటే ఫిబ్రవరి రెండో శుక్రవారం. అప్పటికి పండగ సినిమాల వేడి తగ్గి హాళ్ళు ఖాళీగా ఉంటాయి, యజమాని నీతో నవ్వుతూ మాట్లాడతాడు. ప్రేమికుల రోజు పక్కనే. ఇంటర్ పరీక్షలు మొదలయ్యేలోపు రెండు వారాలు దొరుకుతాయి, ‘ఎ’ సినిమా తినేది ఆ రెండు వారాలే. అది తప్పితే ఆగస్టు దాకా ఆగు. మార్చి చివర్నుంచి ఐపీఎల్. మ్యాచ్ ఏడున్నరకి మొదలై పదకొండు దాటుతుంది. అంటే ఫస్ట్ షో, సెకండ్ షో రెండూ పోతాయి. మనకి డబ్బొచ్చేది ఆ రెండు ఆటల్లోనే.

తేదీ కంటే ముందు ఇంకోటి చూసుకో. సెన్సార్ కమిటీ వాళ్ళు కట్స్ చేస్తే యుఎ 16+ ఇస్తామని అన్నారా? 2023 సవరణ తర్వాత యుఎలో 7+, 13+, 16+ అని మూడు మెట్లు వచ్చాయి. యుఎలో గేటు దగ్గర అడ్డు లేదు, తల్లిదండ్రుల ఇష్టం. ఆఖరి ఇరవై నిమిషాల్లో ఆ కత్తి షాట్లు నాలుగు తీస్తే యుఎ వస్తుందంటే ఒక రాత్రి కూర్చుని ఆలోచించు. ఆ ఇరవై నిమిషాలే సినిమా అయితే తియ్యకు, ‘ఎ’తోనే వెళ్ళు. కానీ తేల్చుకునేది ఇప్పుడే. ‘కూలీ’ వాళ్ళు విడుదలయ్యాక యుఎ కావాలని మద్రాసు హైకోర్టుకి వెళ్ళారు, కొట్టేశారు.

టీవీ డబ్బు లెక్కలో వేసుకోకు. ‘ఎ’ సినిమాని ఉన్నదున్నట్టు టీవీలో వెయ్యరు, మార్పులు చేసి టీవీ కోసం మళ్ళీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఓటీటీకి ఆ బాధ లేదు. ఇంకో బాధ ఉంది. వాళ్ళ స్లాట్ ఎప్పుడో కాగితం మీద పడ్డాకే మన తేదీ. ఈ రోజుల్లో రిలీజ్ డేట్ పెట్టేది నిర్మాత అనుకోవడం అమాయకత్వం.

వ్యాపారానికి వస్తే నైజాం, సీడెడ్ (రాయలసీమ), ఆంధ్రా ఎక్కడా ఎం.జి., అంటే ముందే ఇంత అని కట్టే మినిమం గ్యారంటీ, అడగకు. ఎవడైనా ఇస్తానంటే అనుమానించు. డిస్ట్రిబ్యూటర్‌కి కమిషన్ మీద ఇవ్వు. హాళ్ళు తక్కువ తీసుకో, కాలేజీలున్న ఊళ్ళు చూసి తీసుకో. అద్దె పద్ధతిలో ఆదివారం మాట్నీ ఖాళీగా ఆడినా హాలు అద్దె కట్టాల్సింది నువ్వే. 2025 మేలో ఎగ్జిబిటర్లే మాకు అద్దె వద్దు, వసూళ్ళలో పర్సంటేజీ కావాలని పట్టుబట్టారు. నీలాంటివాడికి అదే మేలు. దొరికిన చోటల్లా పర్సంటేజీకి ఒప్పించు. అమెరికాలో మన సెన్సార్ చెల్లదు, అక్కడి లెక్క వేరే, దాని గురించి మీ బాబాయిని అడుగు.

ట్రైలర్ విడిగా శుభ్రంగా కట్ చేసి యుఎ తెచ్చుకో. ‘ఎ’ ట్రైలర్‌ని యు, యుఎ సినిమాల ఇంటర్వెల్‌లో వెయ్యనివ్వరు. పోస్టర్ మీద మాత్రం ‘ఎ’ని దాచకు. ‘హిట్ 3’ వాళ్ళు ఇది పిల్లల సినిమా కాదని ముందే చెప్పుకున్నారు, మే 1న వచ్చి డబ్బు చేసుకున్నారు. దాచిపెడితే ఎవరో ఒక తండ్రి గేటు దగ్గర పిల్లలతో నిలబడి అరుస్తాడు, దాన్ని ఎవడో వీడియో తీస్తాడు.

శుక్రవారం రాత్రి సెకండ్ షో అంకెలు వాట్సాప్‌లో పంపు. ఆదివారం మాట్నీ చూసి బెంబేలెత్తకు, అది తక్కువే ఉంటుంది. సోమవారం ఫస్ట్ షో శుక్రవారం ఫస్ట్ షోలో సగం ఉంటే నాకు ఫోన్ చెయ్, రెండో వారానికి హాళ్ళు నేను మాట్లాడతాను.

ఇంకో సంగతి. ప్రీమియర్‌కని మీ అమ్మ ఉప్పాడ చీర కొనుక్కుంది. అపార్ట్‌మెంట్‌లో ఇంకో నలుగుర్ని కూడా పిలిచినట్టుంది. ఆ గొడవ నువ్వే చూసుకో, నన్ను మధ్యలోకి లాగకు.

మీ మావయ్య